తప్పిపోయిన పిల్లల పందిరి

మొన్న మా అపార్ట్‌మెంటు వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. నాలుగేళ్ల పాప. బస్టాండులో దొరికిందట, తెలిసినవాళ్లుంటే చెప్పమని, అందరికీ పంపమని రాశారు. తల నున్నగా దువ్వి రెండు పిలకలు వేశారు, మొహానికి పౌడరు అద్దారు, ఒంటిమీద మడత నలగని గౌను. "దొరికినప్పుడు పిల్ల ఇలాగే ఉందా? అప్పుడు ఏ బట్టలున్నాయి ఒంటిమీద?" అని రాశాను. జవాబుగా ఒకాయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. మా కోడలు నా ఫోను తీసుకుని చూసి, ఎవరో మంచివాళ్లే ముస్తాబు చేసుంటారు, దానికింత ఆరా దేనికత్తయ్యా అంది. మంచివాళ్లే, అందులో నాకు అనుమానం లేదు. మేమూ మంచివాళ్లమే.

నా చిన్నతనంలో మా జగ్గయ్యపేటలో సంఘం లేని వీధి ఉండేది కాదు. బట్టల కొట్టు మేడమీద పేపర్లు చదువుకునేవాళ్లదొకటి, కేరమ్స్ ఆడేవాళ్లదొకటి, భజన చేసేవాళ్లదొకటి, నాటకాలాడేవాళ్లవి రెండు. ఎండాకాలం వస్తే పాకలు అంటుకున్నప్పుడు నిచ్చెనలు, బిందెలు పట్టుకుని పరిగెత్తే కుర్రాళ్లది ఇంకొకటి. నలుగురు కూడితే సంఘం, ఐదోవాడు చేరితే రెండు సంఘాలు అనేవాడు మా నాన్న. ఆయన తాలూకాఫీసులో గుమాస్తా, ఏ సంఘంలోనూ చేరలేదు గానీ అన్నిటి వార్షికోత్సవాలకూ వెళ్లి లడ్డూ, కారప్పూస తిని వచ్చేవాడు. మేం పిల్లలం కేరమ్స్ గదిలోంచి బోరిక్ పౌడరు దొంగిలించి, మొహాలకు పూసుకుని, నాటకం వేషాలని తిరిగేవాళ్లం. చెమట పోస్తే అది చారలు చారలుగా కారి, ఇంటికెళ్లేసరికి దొంగలెవరో అందరికీ తెలిసిపోయేది.

మా అమ్మ కిరస్తానీ మిషను బడిలో టీచరు. ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి ఆవిడే కార్యదర్శి. అధ్యక్షురాలు ప్లీడరు గారి భార్య. ఆ ప్లీడరు గారు రోజూ పొద్దున్నే బస్సెక్కి నందిగామ కోర్టుకు వెళ్లిపోయేవాడు, ఆయన అటు వెళ్లగానే ఆవిడ ముందు వరండా మాకు ఆఫీసయిపోయేది. మనిషి పొడుగు, మాట కరుకు, చెయ్యి మాత్రం పెద్దది. ఎవరికి ఏం పెట్టినా రెండోసారి అడగకుండా పెట్టేది. మేమంతా ఆవిడ్ని ప్లీడరమ్మగారు అనేవాళ్లం.

మొదట్లో ఆడా మగా అంతా ఒకటే సంఘమట. ఒక వార్షికోత్సవంలో మగవాళ్లు వేదికమీద కుర్చీలన్నీ తామే వేసుకుని, ఆడవాళ్లను వెనక పొయ్యి దగ్గర ఉప్మా చెయ్యమన్నారు. ప్లీడరమ్మగారు ఉప్మా కలుపుతున్న గరిటె అలాగే పట్టుకుని వేదిక ఎక్కి, ఇవాళ్టితో మా సంఘం మాది అని చెప్పి దిగొచ్చిందని ఊరంతా కథలుగా చెప్పుకున్నారు. ఆ ఉప్మా ఆ పూట ఎవరూ తినలేదని మా నాన్నకు చాలాకాలం బాధగా ఉండేది. ఆస్తుల పంపకంలో మైకుసెట్టు ఆవిడ తమ్ముడు కొనిచ్చింది గనక ఆడవాళ్లకు వచ్చింది. పెట్రోమాక్సు లైట్లు, మోకులు, ఈలలు మగవాళ్లకు పోయాయి. అప్పట్నుంచి రెండు సంఘాలకూ మాటల్లేవు.

మునేటి ఒడ్డున అమ్మవారి తిరునాళ్లకు ఏటా రెండు సంఘాలవాళ్లూ వాలంటీర్లుగా వెళ్లేవాళ్లు. మగవాళ్లు ఏటి ఒడ్డున, బండ్ల దారిలో నిలబడి ఈలలు ఊదేవాళ్లు. ఆడవాళ్లది తప్పిపోయిన పిల్లల పందిరి. కిరస్తానీ టీచరమ్మకు అమ్మవారి తిరునాళ్లలో ఏం పనని అటువాళ్లూ ఇటువాళ్లూ కూడా అడిగేవాళ్లు. పిల్లలు తప్పిపోయేటప్పుడు కులం మతం చూసి తప్పిపోరు అనేది మా అమ్మ. దానితో ఆ మాట అక్కడికి ఆగేది.

నాకు పన్నెండేళ్లు వచ్చిన ఏడు, నన్ను కూడా వాలంటీరుగా తీసుకున్నారు. ఆ గొప్ప ఇప్పుడెవరికి చెప్పినా అర్థం కాదు. గులాబీ రంగు రిబ్బను పువ్వు పిన్నీసుతో గుండెమీద గుచ్చుకుంటే ఊరు మొత్తం నన్నే చూస్తోందనిపించింది. తిరునాళ్లకు నెలముందునుంచీ శనివారాలు ప్లీడరమ్మగారి వరండాలో కుట్టుపని. ఒకే తాను తెచ్చేవాళ్లు, నీలం మీద తెల్ల చుక్కలు. ఆ తానంతా చిన్న గౌన్లుగా కుట్టేవాళ్లం. మిషను నూనె వాసన, కొత్తబట్ట గంజి వాసన, లోపలినుంచి అల్లం పెసరట్ల వాసన అన్నీ కలిసి వచ్చేవి. నేను గుండీలు కుట్టేదాన్ని. నా చెయ్యి కుదురైందని ప్లీడరమ్మగారు నలుగురిలో అన్నారు. ఆ మాట కోసం ఏమైనా చేసేదాన్ని.

తెల్లవారుజామున మూడు బళ్లు కట్టి బయలుదేరాం. దారి పొడుగునా మిరపకల్లాలే. ఎర్రగా ఆరబోసిన కాయలమీదనుంచి గాలి వచ్చినప్పుడల్లా బండిలో అందరం ఒకరి తర్వాత ఒకరం తుమ్మేవాళ్లం. ఎద్దులు కూడా తుమ్మాయి. అమ్మ మోదుగ విస్తళ్లలో కట్టిన పులిహోర వాసనకు ఆగలేక, ఊరు దాటకముందే నేనొక పొట్లం విప్పి సగం లాగించాను. ఎవరికీ తెలియలేదనుకున్నాను గానీ పసుపు చేతులు పట్టిచ్చాయి.

పందిట్లో పనికి ఒక పద్ధతి ఉండేది. పిల్ల దొరికితే ముందు గాబు దగ్గర స్నానం. తర్వాత తల. తర్వాత కొత్త గౌను, పౌడరు, బొట్టు. అంతా అయ్యాక ఒక చీటీమీద పిల్ల ఆనవాళ్లు రాసి మైకు దగ్గర కూర్చున్న అమ్మాయికి ఇస్తే ఆ అమ్మాయి చదివేది. పిల్లను అప్పగించేటప్పుడు తల్లి కళ్లు చెదరాలి, మన సంఘమంటే ఏమిటో తెలియాలి అనేది ప్లీడరమ్మగారు. పేలున్న తలకు క్రాపును మించిన మందు లేదన్నది ఆవిడ ఇంకో సిద్ధాంతం. కత్తెర నాకిచ్చారు. చీటీలు రాయడం కూడా నాకే, దస్తూరీ బాగుంటుందని.

పొద్దెక్కేవేళకు బొరుగులమ్మే ఆమె ఒక పిల్లను చంకనేసుకుని వచ్చింది. గాజుల దుకాణాల దగ్గర ఒంటరిగా నిలబడి ఉందట. మూడేళ్లుంటాయి. వెలిసిపోయిన పసుపురంగు లంగా, ముక్కు కారిన చారలు, భుజాల దాకా చిక్కులు పడి ముద్దలైన జుట్టు. ఏడవడం లేదు. పేరడిగితే చెప్పదు. గుప్పిట్లో నాలుగు శనగలుంటే అవి పట్టుకుని అలాగే చూస్తోంది. స్నానం చేయించేటప్పుడు కూడా ఆ గుప్పిట విప్పలేదు. రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

జుట్టు దువ్వెనకు లొంగలేదు. కత్తెర తీశాను. మా ఇళ్లల్లో పుట్టువెంట్రుకల మొక్కులు లేవు, కానీ ఊళ్లో అందరికీ ఉన్నాయని నాకు తెలియనిది కాదు. అమ్మవారి దగ్గర, అందునా తిరునాళ్లలో, మూడేళ్ల పిల్లకు కత్తెర తగలని జుట్టుందంటే ఎందుకుందో పన్నెండేళ్లదానికి తట్టాలి. తట్టలేదు. తట్టకపోవడానికి ప్లీడరమ్మగారి మెచ్చుకోలు ఎంత కారణమో నాకే తెలుసు. గబగబా కత్తిరించాను. ఒక్కో ముద్దా కింద పడుతుంటే పిల్ల వంగి వాటిని చూసింది. నీలం గౌను తొడిగి, పౌడరు అద్ది, బొట్టు పెట్టి నిలబెడితే ప్లీడరమ్మగారు ఆ పక్కనుంచి చూసి, "ఎంత బాగా చేశావే" అన్నారు. జుట్టూ పాత లంగా ఊడ్చి పందిరి వెనక కుప్పలో పడేశారు. నేను చీటీ రాశాను: మూడేళ్ల పాప, నీలం చుక్కల గౌను, క్రాపు తల.

ఆ చీటీ గంటకు నాలుగుసార్లు మైకులో మోగింది. తిరునాళ్లలో అలాంటి పిల్లను పోగొట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు.

మధ్యాహ్నం ఒక ఆడమనిషి పరుగున వచ్చి పందిట్లోకి తొంగిచూసింది. చాపమీద ఆరుగురు పిల్లలు ఒకే గౌన్లలో ఉన్నారు. మా పిల్ల వెనక కట్టిన తడికవైపు మొహం తిప్పి నిద్రపోతోంది. ఆమె ఒక్కొక్కర్నీ చూసింది. ఎవరు కావాలమ్మా అని నేనే అడిగాను. నా బిడ్డ ఈళ్లల్లో లేదమ్మా అని వెళ్లిపోయింది. పాపం అనుకుని నేను పులిహోర తిన్నాను.

ఆ తర్వాత కాసేపటికి, ఎవరి పిల్లో మునేట్లో పడిపోయిందని కబురొచ్చింది. మగవాళ్ల సంఘం వాలంటీర్లు ఎండలో నీళ్లలోనే ఉండి వెతుకుతున్నారట. ప్లీడరమ్మగారు, వాళ్లతో మనకు మాటల్లేకపోతే లేకపోయె, దప్పికకు సంఘాలుండవు, తీసుకెళ్లి ఇవ్వమని నాకు మజ్జిగ క్యానూ గ్లాసులూ ఇచ్చారు. అల్లం, కరివేపాకు దంచి కలిపిన మజ్జిగ.

ఏట్లో మగవాళ్లు నడుముల్లోతు నీళ్లలో చేతులు పట్టుకుని వరసగా నడుస్తున్నారు. కాస్త దిగువన చేపలవాళ్లు వల దించారు. ఇసకలో జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో కూర్చున్నది ఇందాక పందిట్లోకి వచ్చిన ఆడమనిషే. వచ్చినవాళ్లందరికీ అదే మాట చెబుతోంది.

"పసుపు లంగా అయ్యా. జుట్టు ఇంత పొడుగుంటది, ముద్దలు కట్టి ఉంటది. మొక్కు జుట్టయ్యా, మూడేళ్లనుంచి దువ్వెనెట్టలా."

పక్కన ఒక ముసలమ్మ ఎవరికో చెబుతోంది. ముందు ఇద్దరు పుట్టి పోయారట. ఇది నిలిస్తే మూడో ఏట పుట్టువెంట్రుకలు అమ్మవారికి ఇస్తామని మొక్కుకున్నారట. గరికపాడు దగ్గరనుంచి పొద్దున్నే నడిచొచ్చారట. గాజులు బేరం చేస్తూ చెయ్యి వదిలింది, అంతే.

నాకు అర్థమైంది. అప్పుడే, ఆ క్షణమే పూర్తిగా అర్థమైంది. పిల్ల బతికే ఉందని, నిద్రపోతోందని, జుట్టు లేదని. చెప్పాల్సిన మాట నాలుగు ముక్కలు. నోరు రాలేదు.

ఏం భయపడ్డానో ఇప్పటికీ వరసగా చెప్పగలను. కిరస్తానీ టీచరమ్మ కూతురు అమ్మవారి జుట్టు కత్తిరించిందని ఈ జనమంతా అంటారు. మా అమ్మను ఇక్కడే పట్టుకుని అడుగుతారు. ప్లీడరమ్మగారు రిబ్బను పువ్వు ఊడదీస్తారు. ఈ మూడో భయం మిగతా రెంటికీ ఏమీ తీసిపోలేదు. సిగ్గుగా ఉన్నా అదే నిజం. గ్లాసుల్లో మజ్జిగ పోసి నీళ్లలోంచి వచ్చినవాళ్లకల్లా ఇచ్చాను. వాళ్ల పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆమెకూ ఒక గ్లాసు ఇచ్చాను. కాస్త తాగమ్మా అన్నాను. ఆ మాటకు నోరొచ్చింది. ఆమె గ్లాసు పట్టుకుని తాగకుండా ఏటివైపే చూస్తూ కూర్చుంది. క్యాను ఖాళీ అయ్యేదాకా పోసి, గ్లాసులు ఏట్లో కడిగి, వెనక్కి నడిచాను.

పందిట్లో పిల్ల లేచి కూర్చుని ఉంది. నన్ను చూసి గుప్పిట విప్పి ఒక శనగగింజ నా చేతిలో పెట్టింది. అమ్మ ఏదీ అంది. పొద్దుట్నుంచీ అది మాట్లాడిన మొదటి మాట. నేను ప్లీడరమ్మగారి దగ్గరికి వెళ్లి ఆవిడ కొంగు పట్టుకుని అంతా చెప్పేశాను. ఎప్పుడు తెలిసిందన్నది తప్ప అంతా.

ఆవిడ మొహం ఒక్కసారి ముడుచుకుపోయింది. గబగబా వెళ్లి మైకు దగ్గరి అమ్మాయిని లేపి తానే కూర్చుంది. ఆవిడ గొంతు తిరునాళ్లంతా వినిపించింది.

"ఏట్లో ఎవరూ వెతకొద్దు. పసుపు లంగా, చిక్కుజుట్టు పిల్ల మా పందిట్లో క్షేమంగా ఉంది. బట్టలు మార్చి, ఆనవాళ్లు తప్పు చెప్పాం. తప్పు మాది."

ఆవిడ తప్పు మాది అనడం ఊరెప్పుడూ వినలేదు.

తల్లి వచ్చింది. వెనకే జనం, తడిబట్టలతో మగవాళ్ల సంఘం అంతా వచ్చారు. ఆమె పిల్ల ఎదురుగా వచ్చి కూడా ఒక్క క్షణం నిలబడిపోయింది. పిల్లే లేచి కాళ్లకు చుట్టుకుంది. ఆమె ఎత్తుకుని, గుండెలకు అదుముకుని, అలవాటుగా తలమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఆగింది. అలాగే నేలమీద కూర్చుండిపోయింది.

"జుట్టేదమ్మా?" అంది.

ఎవరు కత్తిరించారని జనంలో ఎవరో గట్టిగా అడిగారు. మా అమ్మ నావైపు చూసింది. నేను నోరు తెరిచేలోగా ప్లీడరమ్మగారు ముందుకొచ్చారు.

"నేనే కత్తిరించానమ్మా. చిక్కు చూశాను గానీ మొక్కు చూసుకోలేదు. నన్నేమైనా అను, పడతాను."

ఆమె మళ్లీ అదే అడిగింది, జుట్టు ఏదని. దొరికినంతైనా సరే, అమ్మవారికి చేరితే మొక్కు తీరినట్టేనని ముసలమ్మ అంది. ప్లీడరమ్మగారు పందిరి వెనక్కి వెళ్లి, పట్టుచీర కొంగు నడుమున దోపి, కుప్ప ముందు మోకాళ్లమీద కూర్చుంది. చెరుకు పిప్పి, వేరుశనగ తొక్కలు, ఎంగిలి విస్తళ్లు. వాటిలో చేతులు పెట్టింది. మా అమ్మ కూర్చుంది, నేను కూర్చున్నాను. కాసేపటికి మగవాళ్ల సంఘం పెద్దమనిషి, ఆ వేదికమీద కుర్చీ వేసుకున్నాయనే, తడి పంచె పిండుకుని మా పక్కన చేరాడు. ఇటు చూడండమ్మా, ఇక్కడ కాస్త ఉంది అని ఆయన అన్న మాటే రెండు సంఘాల మధ్య ఏళ్ల తర్వాత నడిచిన మొదటి మాట.

ఆ పొద్దున నేను ముగ్గురి జుట్టు కత్తిరించాను. అంతా కలిసిపోయింది. నల్లగా, దుమ్ముతో, అన్నీ ఒకటే లాగున్నాయి. తీసిందల్లా ఆమె ముందు పరిచాం. ఆమె పిల్లను ఒళ్లో పెట్టుకుని, ఒక్కో ముద్దా వేళ్లమధ్య నలిపి చూసింది. ఇది నా బిడ్డది అంది. ఇది కాదమ్మా అంది. ఇది చెవి ఎనకది అంది. నీలం గౌనులో కన్నబిడ్డను పోల్చుకోలేకపోయిన మనిషి చెత్తలోంచి వెంట్రుకలను పోల్చుకుంది. మా సంఘంలో ఒక్కరు కూడా తలెత్తి పక్కవాళ్ల మొహం చూడలేదు. ఏరినవన్నీ కొంగున ముడేసుకుని, మిగిలిన క్రాపు గీయించడానికి ఆమె గుడివైపు నడిచింది.

ఆ మరుసటేటినుంచి పందిరి రాటకు ఒక చెక్క వేలాడేది. పిల్లలు ఎలా దొరికారో అలాగే ఉంచవలెను, అన్నం నీళ్లు తప్ప మరేమీ ఇవ్వరాదు అని. ఆ చెక్కమీద అక్షరాలు నేనే రాశాను. మైకు రెండు సంఘాలకూ ఉమ్మడైంది. కొన్నాళ్లకు ప్లీడరు గారి కుటుంబం ఊరొదిలింది. కుట్టుమిషను బడికి పోయింది. నాటకాలవాళ్లు సినిమాహాలు ముందు చేరారు, పేపర్ల మేడ ఎరువుల కొట్టయింది. తర్వాత వచ్చినవాళ్లు ఆ చెక్కమీది మాట చదివి, పిల్లలకు ఒక గౌను ఇస్తే ఏం పోయిందని విసుక్కున్నారట. ఎవరూ చెప్పి ఉండరు.

ఆ తిరునాళ్ల సాయంత్రం తల్లీ పిల్లా వెళ్లబోతూ మళ్లీ పందిరి దగ్గరికి వచ్చారు. పిల్ల గుండుకు గంధం పూసి ఉంది, కుప్పలోంచి తీసిన పసుపు లంగా ఒంటిమీదికి తిరిగి వచ్చింది. ఆమె నీలం గౌను మడిచి మా అమ్మ చేతిలో పెట్టింది. తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చి నా నెత్తిమీద చెయ్యి పెట్టింది.

"నువ్వే చెప్పావంటగా తల్లీ. ఇంకాసేపు చూసి నేనూ ఆ ఏట్లోకి దిగేదాన్ని. నీ కడుపు చల్లగుండ."

నేను తలొంచుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకుని అందరూ నవ్వారు. మజ్జిగ క్యాను ఖాళీ అయ్యేంతసేపూ నాకు తెలిసే ఉందని ఆమెకు చెప్పలేదు. ప్లీడరమ్మగారికి చెప్పలేదు, మా అమ్మ పోయేదాకా అమ్మకూ చెప్పలేదు.